అడవిలో రాత్రి బసకు అనుమతి: పుదుచ్చేరి నుంచి దీర్ఘ పాదయాత్రల ప్రణాళిక

జాతీయ ఉద్యానవనాల్లో, అభయారణ్యాల్లో వాహనాలు పోని లోపలి అడవి గుండా, తిండీ పడకా వీపున మోసుకుంటూ, రాత్రులు అక్కడే బసచేస్తూ రెండు రోజుల నుంచి పది పదిహేను రోజుల దాకా సాగే నడకే ఈ వ్యాసంలో చెప్పే దీర్ఘ పాదయాత్ర. భారతదేశంలో ఇలాంటి నడకకు అటవీ శాఖ రాతపూర్వక అనుమతి తప్పనిసరి. చాలామంది ముందు దారి ఎంచుకుంటారు, తర్వాత సెలవు పెడతారు, ఆఖరున అనుమతి సంగతి చూస్తారు. ఈ వరుసే తప్పు. అనుమతి పత్రంలో రాసే తేదీలు, మనుషుల సంఖ్య, బసచేసే చోట్లు, వెంట రావలసిన మార్గదర్శి వంటి షరతులన్నీ ఆ అడవి ఎంత భారం మోయగలదో, మనిషి ఎక్కడ ప్రమాదంలో పడతాడో చూసి కట్టినవి. కాబట్టి అనుమతి దొరికే దారిని ముందు తెలుసుకుని, దాని చుట్టూ మిగతా ఏర్పాట్లన్నీ కట్టుకోవాలి. ఈ నియమం పాటించడం నడిచేవారి బాధ్యత. చట్టబద్ధంగా నడవగల దారులను చూపించడం ప్రభుత్వాల బాధ్యత. రెండోది లేనిచోట మొదటిది నిలవదు.

పుదుచ్చేరి ప్రత్యేకత

పుదుచ్చేరి పట్టణం నుంచి బయలుదేరేవారికి ఈ విషయం మరింత ముఖ్యం. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అనే నాలుగు విడివిడి ముక్కలతో ఏర్పడిన ఈ కేంద్రపాలిత ప్రాంతంలో జాతీయ ఉద్యానవనం లేదు. పట్టణానికి పడమర ఉన్న ఊసుడు చెరువు పక్షుల ఆశ్రయం. అది చూసి రావడానికి ఒక ఉదయం చాలు. తెలుగువారి యానాం పక్కనే కోరంగి మడ అడవులున్నాయి గానీ, అవి ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ కింద ఉన్నాయి. అంటే పుదుచ్చేరివాసి ఏ దీర్ఘ నడక తలపెట్టినా మరో రాష్ట్రపు అడవిలో, మరో రాష్ట్రపు నియమాల కింద నడవాల్సిందే. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఒక్కొక్కదానికి ఒక్కో పద్ధతి, ఒక్కో రుతువు, ఒక్కో రుసుము ఉన్నాయి. ఒక రాష్ట్రంలో చెల్లిన అలవాటు సరిహద్దు దాటగానే నేరం కావచ్చు.

పౌరసత్వం ఈ పట్టణంలో ఇంకో మెలిక. 1956లో భారత్, ఫ్రాన్స్ సంతకం చేసిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చినప్పుడు, ఇక్కడివారిలో అర్హులకు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే అవకాశం ఇచ్చారు. ఆ కారణంగా నేటికీ వేలమంది పుదుచ్చేరివాసులకు ఫ్రెంచి పాస్‌పోర్టు ఉంది. ఒకే ఇంట్లో అన్న భారతీయుడు, వదిన ఫ్రెంచి పౌరురాలు కావడం ఇక్కడ వింతేమీ కాదు. అటవీ రుసుములు విదేశీయులకు వేరుగా ఉంటాయి. సిక్కిం లాంటి సరిహద్దు రాష్ట్రాల్లో వారికి అడవి అనుమతితో పాటు రక్షిత ప్రాంత అనుమతి కూడా కావాలి. దాన్ని ప్రభుత్వ గుర్తింపు ఉన్న యాత్రా సంస్థ ద్వారానే తెచ్చుకోవాలి. కుటుంబమంతా కలిసి నడవాలనుకుంటే, అందరిలో ఎవరి పత్రాలకు ఎక్కువ సమయం పడుతుందో దాన్నిబట్టి తేదీలు నిర్ణయించుకోవాలి.

చట్టం ఏం చెబుతుంది

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ మొత్తం వ్యవస్థకు పునాది. దాని 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు రావచ్చో చెబుతుంది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి, అనుమతి ఉన్నవారు, లోపల స్థిరాస్తి హక్కున్నవారు, ప్రజా రహదారి మీదుగా పోయేవారు, వీరిపై ఆధారపడ్డవారు మాత్రమే రావచ్చు. 28వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కొన్ని పనులకే అనుమతి ఇవ్వగలరు. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు తీయడం, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం, లోపల ఉంటున్నవారితో చట్టబద్ధమైన లావాదేవీ అందులో ముఖ్యమైనవి. 30వ సెక్షన్ నిప్పు పెట్టడాన్ని, 31వ సెక్షన్ అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశాన్ని నిషేధిస్తాయి. 35వ సెక్షన్ ద్వారా ఈ నియమాలే జాతీయ ఉద్యానవనాలకూ వర్తిస్తాయి. ఈ చట్టం కిందికి రాని రిజర్వు అడవులకు రాష్ట్రాల అటవీ చట్టాలున్నాయి. తమిళనాడుది 1882 నాటిది, ఆంధ్రప్రదేశ్‌ది 1967 నాటిది. వీటి ప్రకారం కూడా అనుమతి లేకుండా రిజర్వు అడవిలో అడుగుపెట్టడం అతిక్రమణే.

పులుల రక్షణ కోసం కేటాయించిన అడవుల్లో మరో పొర ఉంది. 2006 సవరణతో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2012 జూలైలో సుప్రీంకోర్టు టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు రూపొందించిన తర్వాత, అదే ఏడాది అక్టోబరులో ఆ నిషేధాన్ని తొలగించింది. కోర్ ప్రాంతంలో ఇరవై శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. చట్టం పర్యాటకానికి తలుపు తెరిచే ఉంచింది. అయితే అది నడిచేవారి హక్కుగా కాక, అధికారి విచక్షణగా ఉంచింది. రాత్రి బసతో కూడిన నడక దక్షిణాదిలో అరుదుగా కనిపించడానికి మూలం ఇదే. జీపులో రెండు గంటలు తిప్పి పంపడం అధికారికి తేలిక. పది మందిని మూడు రోజులు లోపల ఉంచడం బరువైన బాధ్యత.

విస్తీర్ణం కూడా ఒక కారణం. అమెరికాలోని యోసెమిటీ ఉద్యానవనం దాదాపు 3,000 చదరపు కిలోమీటర్లు. నీలగిరుల్లోని ముకుర్తి జాతీయ ఉద్యానవనం 78, మున్నారు దగ్గరి ఎరవికుళం 97, తిరుమల కొండలను ఆనుకున్న శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 353 చదరపు కిలోమీటర్లు. ఇంత చిన్న నేలలో పులి, ఏనుగు, వరయాడు (నీలగిరి కొండమేక) బతకాలి. పక్కనే ఊళ్లూ తోటలూ ఉన్నాయి. వారం రోజుల పాటు ఎటైనా తిరగగల స్వేచ్ఛ ఈ అడవుల్లో ఉండాలని అడగడం న్యాయం కాదు. రెండు మూడు రాత్రుల నడకను మాత్రం న్యాయంగానే అడగవచ్చు.

దక్షిణాదిలో దొరికే దారులు

ఆ అడగడం అత్యాశ కాదని కేరళలోని పెరియార్ నిరూపించింది. 925 చదరపు కిలోమీటర్ల పెరియార్ టైగర్ రిజర్వులో తేక్కడి నుంచి సాగే ‘పెరియార్ టైగర్ ట్రెయిల్’ ఒకటి లేక రెండు రాత్రుల నడక. ఒక్కో బృందంలో సందర్శకులు ఐదారుగురికి మించరు. వారి వెంట స్థానిక మార్గదర్శులూ, సాయుధుడైన ఒక అటవీ రక్షకుడూ వస్తారు. ఆ మార్గదర్శుల్లో చాలామంది ఒకప్పుడు ఇదే అడవిలో అడవి దాల్చిన బెరడు దొంగతనంగా ఒలిచి, వేటాడి బతికినవారు. 1990ల చివర్లో జీవావరణ అభివృద్ధి పథకం కింద వారిపై కేసుల విషయంలో ఒక ఒప్పందానికి వచ్చి, వారి అడవి జ్ఞానాన్నే జీవనోపాధిగా మార్చారు. సందర్శకులు నడిచిన ప్రతిరోజూ అడవిలో ఒక గస్తీ తిరిగినట్టే. రుసుము గస్తీని పోషిస్తుంది, గస్తీ అడవిని కాస్తుంది. నడకకూ సంరక్షణకూ పొత్తు కుదరదనే వాదనకు ఇంతకన్నా గట్టి సమాధానం లేదు.

తిరువనంతపురం జిల్లాలోని అగస్త్యకూటం మరో నమూనా. 1,868 మీటర్ల ఈ శిఖరానికి బోనక్కాడు నుంచి బయలుదేరి, అతిరుమల స్థావరంలో రాత్రి గడిపి, మర్నాడు శిఖరం ఎక్కి దిగుతారు. మూడో రోజు వెనక్కి వస్తారు. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే దీన్ని తెరుస్తారు. రోజుకు సుమారు వంద మందికే ఆన్‌లైన్‌లో అనుమతి దొరుకుతుంది. వైద్య ధ్రువపత్రం కూడా అడుగుతారు. ఇక్కడ చాలాకాలం స్త్రీలకు ప్రవేశం ఉండేది కాదు. కేరళ హైకోర్టు 2018 నవంబరులో ఇచ్చిన తీర్పుతో 2019 జనవరి నుంచి వారూ ఎక్కుతున్నారు. షరతులు శాశ్వతం కావని, న్యాయం లేనివాటిని ప్రశ్నించి మార్చుకోవచ్చని ఈ ఉదంతం చెబుతుంది.

పుదుచ్చేరికి అన్నిటికన్నా దగ్గరిది తమిళనాడు పద్ధతి. 2024 అక్టోబరులో ఆ రాష్ట్రం ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో 14 జిల్లాల్లో 40 దారులను ఆన్‌లైన్ బుకింగుకు తెరిచింది. తిరువళ్లూరు జిల్లాలోని కుడియం గుహలు, తిరుపత్తూరు జిల్లాలోని జలగంపారై అందులో ఉన్నాయి. దారులను సులువు, మధ్యస్థం, కఠినం అని విడదీసి, స్థానిక గిరిజన యువతకు శిక్షణ ఇచ్చి మార్గదర్శులుగా పెట్టారు. అడవులు అంటుకునే ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 15 దాకా దారులు మూసేస్తారు. ఇవి దాదాపు అన్నీ ఒక పగటిలో ముగిసేవే. దీర్ఘ నడకకు వీటిని పాఠశాలగా వాడుకోవచ్చు, గమ్యంగా కాదు. కర్ణాటకలోని కుద్రేముఖ్ జాతీయ ఉద్యానవనమూ పగటి నడకకే అనుమతిస్తుంది. 2024 జనవరిలో కుమార పర్వతం మీద ఒక్కసారిగా విపరీతంగా జనం పోగవడంతో ఆ రాష్ట్రం ఆన్‌లైన్ బుకింగునూ రోజువారీ పరిమితినీ గట్టిపరిచింది.

తెలుగు నేల మీద

తెలుగువారికి అడవిలో దీర్ఘంగా నడవడం కొత్త సంగతి కాదు. నల్లమలలో ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట శతాబ్దాల నాటిది. ఉగాదికి కన్నడ భక్తులూ, శివరాత్రికి తెలుగు భక్తులూ ఇప్పటికీ ఆ దారిన రాత్రులు ఆగుతూ నడుస్తారు. ఆ దారి ఉన్నది నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వులో. అటవీ శాఖ, దేవస్థానం కలిసి నిర్ణీత రోజులకు దాన్ని తెరిచి, నీరూ వైద్యమూ ఏర్పాటు చేసి, మళ్లీ మూసేస్తాయి. తెలంగాణ వైపు అమ్రాబాద్ రిజర్వులోని సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమి సమయంలో కొద్ది రోజులే ప్రవేశం. తిరుమల అడవుల్లోని తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమికి, రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమికి ముక్కోటి పేరుతో భక్తులను పంపుతారు. తిథిని బట్టి తెరిచి మూసే ఈ ఏర్పాటు కూడా అనుమతి వ్యవస్థే. రుతువు, రోజులు, దారి, ఆగే చోట్లు అన్నీ అందులో నిర్ణయమై ఉన్నాయి.

ఇక్కడే ఒక బలమైన అభ్యంతరం వినిపిస్తుంది. లక్షలాది భక్తులను అడవిలోకి పంపే ప్రభుత్వం, చెత్త కూడా వెనక్కి మోసుకొచ్చే పదిమంది నడకదారులను ఎందుకు ఆపుతుంది? ప్రశ్నలో న్యాయముంది. అయితే దానికి జవాబు ‘వాళ్లను పంపారు గనుక మమ్మల్నీ ఊరకే వదలండి’ అనడం కాదు. భక్తుల దారుల్లోనూ ప్రాణాలు పోయాయి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపింది. ఆ తర్వాత పిల్లలతో నడిచే వేళలపై తిరుమల తిరుపతి దేవస్థానం ఆంక్షలు పెట్టింది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు గుండాలకోనకు అడవి దారిన వెళుతున్న భక్తులపై ఏనుగులు దాడిచేసి ప్రాణాలు తీశాయి. భక్తి ఉన్నా, అనుభవం ఉన్నా అడవి ఒకేలా ఉంటుంది. కాబట్టి అడగవలసింది మినహాయింపు కాదు, సమాన పద్ధతి. యాత్రికుల కోసం నీటి వసతులు, బస చోట్లు, గస్తీ ఇప్పటికే ఉన్న నల్లమల కాలిబాటను, పండుగ రోజులు కాని చలికాలపు వారాల్లో చిన్న బృందాలకు, అక్కడి ఆదివాసులైన చెంచు మార్గదర్శులతో తెరవడం పరిశీలించదగ్గది. అక్కడ ఈ పనికి కావలసిన మనుషులున్నారు. చెంచులు ఇప్పటికే ఆ రిజర్వులో కాపలా సిబ్బందిగా పనిచేస్తున్నారు. బైర్లూటి, పచ్చర్ల శిబిరాల్లో బస, మన్ననూరులో ‘టైగర్ స్టే’ లాంటి ఏర్పాట్లు కూడా నడుస్తున్నాయి. లేనిదల్లా శిబిరం నుంచి శిబిరానికి కాలినడకన పోయే అనుమతి.

శేషాచలం సంగతి వేరు. ఎర్రచందనం దొంగరవాణా కారణంగా ఆ అడవిలో రాత్రిపూట కనిపించే ప్రతి మనిషీ అనుమానితుడే. 2015 ఏప్రిల్ 7న అక్కడ జరిగిన కాల్పుల్లో తమిళనాడుకు చెందిన ఇరవై మంది కూలీలు మరణించారు. తమిళనాడు నంబరు ప్లేటుతోనో పుదుచ్చేరి నంబరు ప్లేటుతోనో వచ్చి, అనుమతి లేకుండా ఆ కొండల్లో గుడారం వేసుకోవడం ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి గ్రహించాలి. తలకోన లాంటి చోట్ల అటవీ శాఖ చూపే నడకలకే పరిమితం కావడం అక్కడ వివేకం.

కురంగణి నేర్పినది

అనుమతి కాగితం లాంఛనమేనని అనుకునేవారు 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగినదాన్ని చదవాలి. కొళుక్కుమలై వైపు నుంచి దిగుతున్న రెండు బృందాలను కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది నగరాల నుంచి వారాంతపు సెలవుకు వచ్చిన యువతీ యువకులు. వారు నడిచిన దారికి అనుమతి లేదని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏడాదే తమిళనాడు అడవుల్లో ట్రెక్కింగును నియంత్రించే నియమావళిని తెచ్చింది. పైన చెప్పిన ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మూసివేత ఆ అనుభవంతోనే గట్టిపడింది.

ఈ దుర్ఘటన నుంచి రెండు పాఠాలు తీయాలి. మొదటిది నడిచేవారికి. అనుమతి పత్రం అంటే, ఎవరు ఏ దారిలో ఏ రోజున ఉన్నారో అడవి బయట ఒకరికి తెలిసి ఉండటం. నిప్పు కనిపించగానే ఆ దారిలో ఉన్నవారిని వెనక్కి పిలవడం, వారి కోసం వెతకడం సాధ్యమయ్యేది అప్పుడే. ఎండిన బోదగడ్డి వాలుల్లో మంట మనిషి పరుగుకన్నా వేగంగా పైకి ఎగబాకుతుంది. ఆ వాలు మీద మార్చిలో ఉండకూడదన్న నిబంధనకు ఉన్న కారణం అదే. రెండో పాఠం ప్రభుత్వానికి. ఏ దారి తెరిచి ఉందో, ఏది మూసి ఉందో ఒకచోట స్పష్టంగా చెప్పే వ్యవస్థ ఆనాడు లేదు. ఆ ఖాళీలో నోటిమాట మీద నడిచే యాత్రలు పెరిగాయి. ట్రెక్ తమిళనాడు లాంటి ఏర్పాటు రావడానికి ఆ తర్వాత ఆరేళ్లు పట్టింది. అడవిని మూసి ఉంచినంత మాత్రాన నడక ఆగదు. ఎవరికీ తెలియని దారులకు మళ్లుతుంది.

ఇతర చోట్ల పద్ధతులు

కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువారికి పరిచయమైన యోసెమిటీలో, లోపలి అడవిలో రాత్రి గడిపే ప్రతివారికీ అనుమతి కావాలి. అక్కడ పరిమితి మొత్తం ఉద్యానవనానికి కాక, నడక మొదలయ్యే ఒక్కో చోటుకు రోజుకు ఇంతమంది అని ఉంటుంది. అందులో అరవై శాతం ఇరవై నాలుగు వారాల ముందు లాటరీలో ఇస్తారు. మిగతా నలభై శాతం బయలుదేరే తేదీకి వారం ముందు విడుదల చేస్తారు. దూరాన ఉండి ముందే ఏర్పాట్లు చేసుకునేవారికీ, దగ్గర ఉండి అప్పటికప్పుడు వచ్చేవారికీ న్యాయం జరగాలనేది ఈ విభజన ఉద్దేశం. ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో తిండి పెట్టుకోవడం షరతు. అక్కడ మొదలై 4,421 మీటర్ల విట్నీ శిఖరం దాకా దాదాపు 340 కిలోమీటర్లు సాగే జాన్ మ్యూర్ ట్రెయిల్ మూడు జాతీయ ఉద్యానవనాల గుండా పోతుంది. బయలుదేరిన చోట తీసుకున్న ఒక్క అనుమతే దారంతా చెల్లుతుంది. మన పడమటి కనుమల్లో పక్కపక్క అటవీ డివిజన్లకు, రాష్ట్రాలకు వేరువేరు అనుమతులు తేవాల్సిన స్థితితో దీన్ని పోల్చి చూస్తే, మనం నేర్చుకోవలసింది స్వేచ్ఛకన్నా సమన్వయమని తెలుస్తుంది.

నిజమైన వారం రోజుల నడకలు భారతదేశంలో హిమాలయాల్లోనే ఉన్నాయి. హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానవనం 754 చదరపు కిలోమీటర్లు. తీర్థన్, సైంజ్ లోయల వెంట పార్కు అనుమతితో చాలా రోజులు నడవవచ్చు. సిక్కింలో 1,784 చదరపు కిలోమీటర్ల కాంచన్‌జంగా జాతీయ ఉద్యానవనంలో, 1,780 మీటర్ల ఎత్తున్న యుక్సోం నుంచి జోంగ్రి, థాన్‌సింగ్ మీదుగా గోయెచా లా వైపు సాగే దారి వారానికి పైగా పడుతుంది. అక్కడ 1996లో స్థానికులు ఏర్పరచుకున్న పరిరక్షణ సంఘం, యాత్రికుల వంటకు అడవి కట్టెలు కొట్టడాన్ని మాన్పించడానికి ఎంతో శ్రమించింది. మరోవైపు, నందాదేవి లోపలి అడవి 1983 నుంచి మూసే ఉంది. పూలలోయలో రాత్రి బస నిషిద్ధం. హిమాలయాల్లోనైనా అనుమతి దొరికే చోటే ప్రణాళిక మొదలవుతుంది.

ప్రణాళిక క్రమం

పుదుచ్చేరి నుంచి ప్రణాళిక వేసేవారు మొదట క్యాలెండరు ముందు కూర్చోవాలి. పడమటి కనుమల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. పుదుచ్చేరి వైపు తూర్పు కొండల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, తుపానులు. ఫిబ్రవరి సగం నుంచి నిప్పు భయంతో మూసివేత. ఎరవికుళం లాంటి చోట్ల వరయాళ్లు ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చి మూసేస్తారు. ఆపైన వేసవి. ఇవన్నీ తీసేస్తే దక్షిణాదిలో బహుదిన నడకకు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి సగం దాకా ఏడెనిమిది వారాలే మిగులుతాయి. అగస్త్యకూటం తలుపులు సరిగ్గా ఆ కాలంలో తెరుచుకోవడం యాదృచ్ఛికం కాదు. పిల్లల వేసవి సెలవుల్లో వెళ్లదలచినవారు దక్షిణాదిని వదిలి మే నెలలో హిమాలయాల వైపు చూడాలి. పుదుచ్చేరి నుంచి ఢిల్లీకీ హౌరాకూ వారానికో రైలుంది. రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి కాబట్టి, అనుమతి దరఖాస్తు అంతకన్నా ముందే కదలాలి.

దరఖాస్తులో అందరి పేర్లు, వయసు, గుర్తింపు పత్రాలు, ప్రవేశించే చోటు, బయటికి వచ్చే చోటు, ప్రతి రాత్రి బస, అత్యవసర ఫోను నంబరు స్పష్టంగా ఉండాలి. ఆన్‌లైన్ బుకింగు లేని చోట ముందు ఆ డివిజన్ అటవీ అధికారి (డీఎఫ్ఓ) కార్యాలయాన్ని సంప్రదించాలి. అభయారణ్యమైతే దరఖాస్తు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దాకా వెళుతుందని గుర్తుంచుకుని సమయం ఇవ్వాలి. చేతికి వచ్చిన అనుమతిలో రేంజి పేరు, తేదీలు, దారి మీరు అడిగినవేనా అని చూడాలి. రేంజి ఆఫీసరు నోటిమాటగా ఒప్పుకున్నది రాతలో లేకపోతే అది లేనట్టే.

రోజుకు ఎంత నడవగలమో లెక్కించడానికి 1892లో స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నెయ్‌స్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. 15 కిలోమీటర్లు నడిచి 900 మీటర్లు ఎక్కాలంటే నాలుగున్నర గంటలు. బరువు, ఉక్క, విశ్రాంతి కలిపితే ఏడు గంటలు అనుకోవాలి. అడవిలో సాయంత్రం నాలుగుకల్లా బస చేరాలి కనుక ఉదయం ఎనిమిదికల్లా బయలుదేరాలి. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకో రోజు ఆగాలి. సముద్రమట్టంలో బతికే పుదుచ్చేరివాసి ఈ నియమాన్ని ఏ మాత్రం సడలించకూడదు. సాధనకు ఈ చదునైన పట్టణంలో కొండ లేదు గానీ, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, తెలుగు మూలాలున్న నాయక రాజులు ఏలిన సెంజి కోట ఉంది. ఆ కోటలోని రాజగిరి మెట్లను యాత్రలో మోయబోయే బరువుతో ఎక్కి దిగితే మోకాళ్ల సంగతి ముందే తెలుస్తుంది.

బరువులో సింహభాగం నీరు, తిండి. లీటరు నీరు కిలో బరువు. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు కావాలి. అందుకే బస నీటికి దగ్గరగా ఉండాలి, జంతువులు నీటికి వచ్చే దారిలో ఉండకూడదు. ఈ చోటును నడిచేవారికన్నా స్థానిక మార్గదర్శి బాగా ఎంచగలడు. అటుకులు, పుట్నాల పొడి, వేరుశనగలు, బెల్లం, ఎండు కొబ్బరి వంటివి నిప్పు అవసరం లేకుండా తినగలిగేవి. నిప్పు నిషిద్ధమైన అడవుల్లో ఇవే ఆధారం. స్టవ్ వాడనిచ్చే చోటైనా గ్యాసు డబ్బాలు రైల్లో, విమానంలో తీసుకెళ్లకూడదు కాబట్టి అక్కడే కొనాలి. విదేశాల్లో నడిచేవారు వెంట ఉంచుకునే ఉపగ్రహ సందేశ యంత్రాలను భారతదేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడటం నేరం. ఫ్రాన్సు నుంచో అమెరికా నుంచో వచ్చే బంధువులకు ఈ మాట ముందే చెప్పాలి. పాముకాటుకు విరుగుడు ఆసుపత్రిలోనే ఉంటుంది. కాబట్టి ప్రతి బస నుంచి రోడ్డు చేరే అతి దగ్గరి దారి, అక్కడి నుంచి ఆసుపత్రి దూరం రాసుకోవాలి. ఆ కాగితం నకలు ఒకటి ఇంట్లో, ఒకటి రేంజి కార్యాలయంలో ఉండాలి.

మిగిలిన అభ్యంతరాలు

రుసుములు ఎక్కువనీ, అడవి ధనవంతుల విహారమైపోతుందనీ కొందరి బాధ. అది తీసిపారేయదగ్గది కాదు. అయితే రుసుము ఎత్తేయడం పరిష్కారం కాదు. పెరియార్‌లో లాగా ఆ డబ్బు మార్గదర్శుల జీతాలకూ గస్తీకీ పోతే అది న్యాయమైన ధర. విద్యార్థులకు, స్థానికులకు రాయితీలు ఇవ్వడం, కొన్ని తేదీలు వారికే కేటాయించడం ప్రభుత్వం చేయగల పని. ఆదివాసుల విషయంలో అసలు ప్రశ్నే వేరు. 2006 అటవీ హక్కుల చట్టం వారికిచ్చిన హక్కులు సందర్శకుల అనుమతికి పైన ఉంటాయి. వారి నివాసాల గుండా పోయే దారి వారి గ్రామసభ ఒప్పుకోకుండా తెరవకూడదు.

అనుభవజ్ఞులకు మార్గదర్శి ఎందుకని మరికొందరు అడుగుతారు. ఏనుగులు, పులులు, తోటలూ ఊళ్లూ కలిసిపోయిన అడవుల్లో దిక్సూచి చదవడం వస్తే చాలదు. ఏనుగుల మంద నిన్న సాయంత్రం ఏ లోయలో ఉందో తెలిసినవాడు కావాలి. ఆ సమాచారం ఏ పటంలోనూ దొరకదు. ఇక సంరక్షణవాదుల వైపు నుంచి, మనుషుల్ని అసలు రానివ్వకపోవడమే అడవికి మేలనే మాట వస్తుంది. కోర్ ప్రాంతాల్లో చాలా భాగానికి అది నిజం, అలాగే ఉండాలి. కానీ అడవిని జీపు కిటికీలోంచి మాత్రమే చూసిన తరం, ఆ అడవి మీదుగా రోడ్డో ఆనకట్టో వస్తే దానికోసం గొంతెత్తుతుందని ఆశించలేం. కేరళలోని సైలెంట్ వ్యాలీ 1984లో జాతీయ ఉద్యానవనం కాగలిగింది, దాన్ని ఎరిగినవారూ దానికోసం వాదించినవారూ ఉన్నందువల్లే.

కాబట్టి ఈ విషయంలో పుదుచ్చేరి నుంచి నడిచేవారు చేయగలిగింది రెండు. అనుమతి ఉన్న దారినే, దాని షరతుల్లోనే నడవడం మొదటిది. అనుమతి లేని చోట దొంగదారి పట్టకుండా, ఆ దారి తెరవమని రాతపూర్వకంగా, కారణాలతో అడగడం రెండోది. దక్షిణాది రాష్ట్రాలు చేయగలిగిందీ స్పష్టమే: పక్కపక్క డివిజన్లలో చెల్లే ఒకే అనుమతి, తెరిచే మూసే తేదీల బహిరంగ ప్రకటన, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒకటి రెండు బహుదిన దారులు, వాటిమీద స్థానికులకే ఉపాధి. నల్లమల యాత్రికుల బాటకు ఈ నాలుగూ అమర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 28వ సెక్షన్ ఇచ్చిన అధికారమే చాలు.